సగం కాలిన అట్టపెట్టె

నేను బెంగళూరులో పెరిగినోణ్ణి. పోయిన ఏడాది హోసూరులో ఇండ్ల చెత్త వేరు చేసే మున్సిపాలిటీ షెడ్డులో సూపర్‌వైజరుగా చేరినాను. ఆడ అట్టపెట్టెలను మిషన్‌లో వేసి నొక్కే పని పక్కనున్న బేరిగై ఊరి మునెమ్మది. ప్రతి పెట్టెనూ చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసేది.

ఒకరోజు నాకు మండిపోయింది. "అదేమన్నా టెంకాయా మునెమ్మా, ఊపి చూసేదానికి? లారీ నిలబడుండాది!" అని ఆమె ఆలస్యాన్ని ఫోన్‌లో వీడియో తీస్తానే అరిచినాను.

"ఉండప్పా, దీంట్లో ఏదో కదులుతా ఉండాది" అనింది.

పెట్టె గుంజుకొని నేనే మిషన్‌లో వేసి బటన్ నొక్కినాను.

టప్‌మని పేలి మంట లేచింది. మునెమ్మ నన్ను పక్కకు తోసి, మిషన్ ఆపి, బకెట్లో ఇసుక కుమ్మరించింది. ఆమె ముంజేయి కాలింది. నేను ఫోన్ పట్టుకొని బిగుసుకుపోయినాను.

ఇసుకలో చితికిన పవర్ బ్యాంకు, సగం కాలిన పెట్టె కనిపించినాయి.

"నాకు చదువు రాదు. పెట్టెమీది కొరియర్ చీటీలో ఎవురి పేరుండాదో చదువప్పా, పోయి నాలుగు మాటలు అడిగొస్తా" అనింది, చేయి ఊదుకుంటా.

చూస్తే నా పేరే. పవర్ బ్యాంకు ఉబ్బిపోయిందని ముందురోజు నేనే ఆ పెట్టెలో పెట్టి ఇంటి చెత్తలో పారేసినాను.

"నాదే మునెమ్మా" అనేసినాను.

ఆమె ఇంకో పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "అయితే నా చేయి మానేదాకా నువ్వే ఊపప్పా" అనింది.

ఆమె చేయి మానిపోయింది. నేనింకా ఊపుతానే ఉండాను, ఫోన్ జేబులో పెట్టి.