ఫీల్డ్ అనే మాటకు వేములలో దొరికిన అర్థం

ప్రొద్దుటూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకు జమ్మలమడుగు బస్సెక్కాను, కోపంతోనే ఎక్కాను. మా బడి పిల్లల కోసం ఇంగ్లీషు–తెలుగు పదాల పుస్తకం వేస్తున్నాం. ‘ఫీల్డ్’ దగ్గర నేను రాసిన పంక్తిని మా తెలుగు అయ్యవారు ఎర్రసిరాతో కొట్టేసి ‘పొలం’ అని మాత్రం ఉంచారు. నేను రాసింది ఇదీ: ఆ మాటకు పాత అర్థం, అడవిగాని అడ్డుగాని లేని విశాలమైన నేల. గట్లూ హద్దులూ ఉన్న పొలమనే అర్థం తర్వాత చేరింది.

“అట్టాంటి నేల, దానికో మాట మన పక్క యాడుండాయి మేడమ్? చూపిస్తే రాస్తా. రేపు సాయంత్రం ఆరుకు ప్రెస్సుకిస్తాండా” అన్నారాయన నిన్న. ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని, ఊరుకుంటానా?

ఏడుంబావుకు జమ్మలమడుగు. వెళ్లేవాళ్లు అక్కడ బొరుగుల ఉగ్గాని, బజ్జీ వదలకండి. తింటూనే నలుగురు రైతుల్ని అడిగాను. ఆ నల్లరేగడంతా చేనే అన్నారు, ఏ చేను ఎవరిదో కూడా చెప్పారు. ముద్దనూరులో బస్సు మారి పులివెందులలో దిగేసరికి పదకొండు. అక్కడా అదే జవాబు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బస్టాండు బెంచీ మీద పక్కన కూర్చున్న ఫాతిమాబీ గొర్రెలు మేపుకునే మనిషి. నా గొడవంతా విని నవ్వింది.

“రైతుల్నడిగితే ఏం తెలుస్తాదక్కా? గొర్రెలోళ్లనడగల్ల. మా వేములకు రా. ఈ పొద్దే ఒకాయన కంప తీస్తాండాడు.”

పన్నెండున్నరకు వేముల పక్క చేలో ఉన్నాం. పప్పుశనగ చివరి మోపు ట్రాక్టరెక్కింది. ఆసామి దారికడ్డంగా ఉన్న ముళ్లకంపను కర్రతో లాగి పక్కన పడేశాడు. కాచుకుని ఉన్న మూడు మందలు ఒక్కసారిగా లోపలికి దూరాయి. పంట తీసినాక కంప తీయనివాడికి ఊళ్లో పరువుండదట. మళ్లీ సేద్యం మొదలయ్యేదాకా ఎవరి గొర్రెలైనా మేయొచ్చు.

“ఇప్పుడు దీన్నేమంటారప్పా?” అని అడిగాను.

“పొద్దున దాకా నా చేను. ఇప్పుడు బయలే గదా మేడమ్” అన్నాడు, ఇది కూడా తెలీదా అన్నట్టు చూసి.

ఎగిరి గంతేయాలనిపించింది. ఫాతిమాబీని గట్టిగా వాటేసుకున్నాను.

మూడింటికి పులివెందులలో ప్రొద్దుటూరు బస్సు. రోడ్డుకు రెండు పక్కలా కోసేసిన చేలు. ఇన్నేళ్లూ ఈ దారిన తిరుగుతూ వాటిని ఖాళీ నేలనుకున్నాను. బస్సు కదలగానే అయ్యవారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

“మా నాయన కూడా కంప తీసేవాడు మేడమ్. నాకెట్ట గుర్తుకు రాలేదో” అన్నారు. “చెప్పండి, రాసుకుంటాండా.”

బస్సంతా వినేలా చెప్పాను: “ఫీల్డ్ అంటే బయలు. కంప తీసినాక అందరి గొర్రెలూ మేసే నేల.”