పైకి పలికిన పేరు

షికాగో దక్షిణ భాగంలోని ఆ చర్చి హాల్లో నల్లవాళ్ల చరిత్ర మీదో, హక్కుల మీదో సభ జరిగితే, తెల్ల గ్లౌజులతో తలుపు దగ్గర నిలబడేది, చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే ఆర్డెల్లాయే. ముసలివాళ్లకు మోచెయ్యి అందిస్తుంది. "దేవుడు కూడా నీకంటే ముందే వచ్చి కూర్చున్నాడయ్యా!" అని ఆలస్యంగా వచ్చినవాళ్లను దెప్పుతూనే కుర్చీ చూపిస్తుంది.

సభకు ముందు చనిపోయినవాళ్ల పేర్లు తలా ఒకటి పలకడం, ప్రతి పేరుకూ సభలోని పెద్దాయన ఒకరు మొక్క కుండీలో నీళ్లు వదలడం, అందరూ తథాస్తు అన్నట్టు "ఆషే" అనడం అక్కడి ఆచారం. ఆర్డెల్లా కొడుకు ఊసు వస్తే అందరూ గొంతు తగ్గించడం చూసి, అతను చనిపోయాడనుకున్న కొత్తపిల్ల కెజియా, ఆ సాయంత్రం ప్రేమకొద్దీ, "సిస్టర్ ఆర్డెల్లా కొడుకు లెవోన్!" అంది. నీళ్లు పడ్డాయి. "ఆషే" అన్నారు.

"వాడు బతికే ఉన్నాడు తల్లీ, జైల్లో. యావజ్జీవం పడింది," అంది ఆర్డెల్లా మెల్లగా.

కెజియా ఏడ్చేసింది. ఆర్డెల్లా పక్కన కూర్చుని ఆ పిల్ల వీపు నిమిరింది. ఇన్నేళ్లలో ఆ హాల్లో లెవోన్ పేరు ఎవరైనా పైకి పలకడం అదే మొదలు.