ఫార్మాట్ కొడితే అయిపోతది

చిక్కడపల్లిలో నేను డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో కంప్యూటర్ బాగుచేయడానికి నారాయణగూడ నుంచి ఒకాయన వచ్చేవాడు. ప్రింటర్ ఆగినా, మౌస్ కదలకపోయినా, చొక్కా చేతులు మడుచుకుంటూ ఆయన చెప్పే మందు ఒక్కటే: "ఫార్మాట్ కొడితే అయిపోతదక్కా." అంటే కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించడం. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడే కొత్తగా వస్తున్న యూఎస్‌బీ స్కానర్ ఒకటి కొని, బిగించడానికి ఆయన్నే పిలిచాను. కేబుల్ కొసకున్న పసుపు చీటీని చదవకుండానే పీకి బల్లకు అంటించాడు. కేబుల్ పెట్టాడు. కంప్యూటర్ స్కానర్‌ను గుర్తించలేదు. వెంటనే చొక్కా చేతులు మడిచాడు.

"ఒక మాస్టారి పుస్తకం రెండు వందల పేజీలు ఈ కంప్యూటర్లోనే ఉంది. ముందు ఫ్లాపీల్లోకి తీసుకోనివ్వండి" అన్నాను.

"ఏం గాదక్కా, నేను జూస్కుంట గదా" అంటూనే మీట నొక్కేశాడు.

నెల రోజులు టైపు చేసిన పుస్తకం ఒక్క పూటలో పోయింది. స్కానర్ మాత్రం అప్పటికీ పనిచేయలేదు. "స్కానర్ పీసే ఖరాబున్నది, వాపసియ్యున్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

వాపసు ఇద్దామని కేబుల్ తీస్తుంటే బల్లకున్న చీటీ కనిపించింది. ముందు స్కానర్‌తో వచ్చిన సీడీలోని డ్రైవర్ ప్రోగ్రామ్ ఎక్కించాలి, ఆ తర్వాతే కేబుల్ పెట్టాలి అని దాని మీద ఎర్రటి అక్షరాల్లో ఉంది. అలాగే చేశాను. ఐదు నిమిషాల్లో స్కానర్ కదిలింది.

మర్నాడు ఆయన తన డబ్బుల కోసం వచ్చేసరికి నేను మాస్టారి మొదటి పేజీ మళ్లీ టైపు చేస్తున్నాను. పక్కన స్కానర్ వెలుగుతోంది. ఆయన దాన్ని తృప్తిగా చూశాడు.

"నే జెప్పలేదా అక్కా, ఫార్మాట్ కొడితే అయిపోతదని."