పినాంగ్ కొండ మీంచి చూసినవి

రబ్బరు తోటను చూసి "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వాళ్లు కారులో పోతూ చూస్తారు. మేం అందులో బతికాం. మలయాలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరి పక్క తోటలో మా నాన్న కిరాణీ, అంటే ఆఫీసు గుమాస్తా. మా ఇంటి నుంచి ఎటు చూసినా చెట్టు, దాని వెనక చెట్టు, ఆ వెనక ఇంకో చెట్టు. చూపు నాలుగు వరసలు దాటి పోదు. అది చాలదన్నట్టు ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైన్యం, మధ్యలో మేము. కూలీలుండే వరస ఇళ్ల లైన్లకూ మా ఇళ్లకూ కలిపి చుట్టూ ముళ్లకంచె వేశారు. చీకటి పడకముందే గేటు మూసేవారు. అలా పెరిగి పెద్దదాన్నయ్యానే గాని దూరంగా ఉన్నదాన్ని దేన్నీ చూసి ఎరగను. నమ్మనివాళ్లు ఆ తోటలో ఒక నెల ఉండి చూడాలి.

మెర్దెకాకి, అంటే మలయా స్వతంత్రానికి, ముందు సంవత్సరం నన్ను టీచరు ట్రైనింగుకి ఇపో పట్నం పంపారు. అక్కడ మా హాస్టలు అమ్మాయిలు ఒక శని ఆదివారాలు పినాంగ్ ద్వీపం చూసి రావాలని ఏర్పాటు చేసుకున్నారు. మాకు పాఠాలు చెప్పే టీచరమ్మ తోడు వస్తానన్నారు. పినాంగ్‌లో కొండ మీదికి తాడుతో లాగే చిన్న రైలు ఉందని, పైకెక్కితే ఊరూ సముద్రమూ ఓడలూ అవతలి గట్టూ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయని విన్నాను. తక్కిన అమ్మాయిలు బజారు గురించి, బీచి గురించి మాట్లాడుకునేవారు. నాకు అవేవీ వద్దు. ఆ కొండ మీద నిలబడి ఎంత దూరం కనిపిస్తే అంత దూరం చూడాలి. అంతే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. వార్డెన్ ఒప్పుకుంది, మా నాన్న ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు: ఇపోలో ఉన్న మా మేనత్త కూడా వెళ్లాలి. అత్త భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. నేనంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే నా ప్రాణం తీసింది.

శనివారం పొద్దున బస్సు దగ్గరికి అత్త పెద్ద టిఫిన్ క్యారియరుతో వచ్చింది. మూత సందులోంచి ఇంగువ వాసన. చప్పున అత్త కొంగు దాని మీదికి లాగాను.

ఎందుకో చెప్పాలి. అడవిలో ఉన్నవాళ్లకి తిండి అందకపోతే వాళ్లే బయటికి వస్తారని సర్కారు ఆలోచన. అందుకని చాలా చోట్ల బియ్యం, పంచదార, చేపల డబ్బాలు, ఏవీ గేటు దాటించకూడదు. కొట్టువాడు డబ్బా అమ్మితే దాచుకోవడానికి వీల్లేకుండా అక్కడికక్కడే దానికి చిల్లు పొడిచి ఇచ్చేవాడు. మా తోటలో పొద్దున్నే రబ్బరు గీయడానికి వెళ్లే ఆడవాళ్లను కొంగులు కూడా దులిపి చూసేవారు. ముద్ద అన్నం దొరికినా గొడవే. ఇదంతా చూస్తూ పెరిగినదాన్ని. అత్త ఊళ్లో ఉండే మనిషి, ఆవిడకి ఇవి పట్టవు. అయినా రెండు రోజుల ముందే వెళ్లి చెప్పి వచ్చాను.

"అన్నం తేవద్దని చెప్పినాను గదా అత్తా! దారిలో పోలీసోళ్లు చూస్తారు లా!" అక్కడ అందరి మాటల చివరా ఆ "లా" తగులుతూనే ఉంటుంది.

"బియ్యం తేకూడదన్నారు గానీ పులిహోర తేకూడదని ఎవుడన్నాడే? నాలుగు మెతుకులు లేకుండా బయిల్దేరితే బయిల్దేరినట్టా? కూకో."

మా వాళ్లకి ప్రయాణమంటే పులిహోర. ఓడ ఎక్కి వచ్చిన తాతల కాలం నుంచీ అంతే. పక్క వీధికి వెళ్లినా ఒక డబ్బా ఉండాలి. బస్సులో వెనక సీట్లో కూర్చుని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

సుంగై సిపుట్ దగ్గర బస్సు ఆపారు. అందరినీ దింపి సామాను చూశారు. క్యారియరు మూత తీయగానే మలాయ్ పోలీసు తల అడ్డంగా ఊపాడు. "మక్చిక్, నాసి తా బొలే," అన్నాడు. పిన్నిగారూ, అన్నం కుదరదు, అని. మర్యాదగానే చెప్పాడు. కావలసినదల్లా అక్కడున్న డ్రమ్ములో పారబోసి బస్సు ఎక్కడమే. మా టీచరమ్మ కూడా "పారేయించు, పారేయించు" అని నా చెవిలో చెప్పింది.

మా అత్త క్యారియరు రెండు చేతులా పట్టుకుంది. "నాసి కాదు బాబూ, పులిహోర," అని తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి, బజారు మలాయ్‌లో ఒకసారి చెప్పింది. అతను నవ్వు ఆపుకుంటూ మళ్లీ డ్రమ్ము చూపించాడు.

"అన్నం పారబోస్తే మరి పుట్టదు. ఈ చేతుల్తో పారబొయ్యను. తీసుకెళ్లకూడదన్నావు, సరే. ఇక్కడ తినకూడదని సర్కారోడు చెప్పినాడా?"

అతనికి ఆ మాట ఎవరో అరవాయన మలాయ్‌లో చెప్పాడు. పోలీసు ఆలోచించి, తినొచ్చన్నాడు. మా అత్త రోడ్డు పక్క గడ్డిలో కొంగు దోపుకుని కూర్చుంది. మొండివాడు రాజుకంటే బలవంతుడన్న మాట అబద్ధమైతే ఎంత బాగుండేదో. బస్సులో వాళ్లందరినీ పిలిచి పెట్టబోయింది. కొందరు తిన్నారు, కొందరు దండం పెట్టారు. డ్యూటీలో తినకూడదన్న పోలీసును "మనిషివి కావా" అని తిట్టింది. అప్పటికీ సగం క్యారియరు మిగిలే ఉంది. డ్రైవరు హారను కొట్టాడు, మళ్లీ కొట్టాడు, ఇక ఆగలేదు. టీచరమ్మ కిటికీలోంచి ఏదో అరిచింది. నా తోటివాళ్లు నా వైపు జాలిగా చూస్తూ వెళ్లిపోయారు.

నేను ఆ గడ్డిలో అత్త ఎదురుగా కూర్చుని పులిహోర తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

తరువాతి బస్సు ఎప్పటికో వచ్చింది. బట్టర్‌వర్త్‌లో దిగి, ఫెర్రీ ఎక్కి, పినాంగ్‌లో అడుగుపెట్టేసరికి పొద్దు వాలిపోయింది. మా వాళ్లు బస చేసిన చోటికి వెళితే అందరూ అప్పటికే కొండ ఎక్కి దిగి వచ్చేశారు. ఆకాశం అద్దంలా ఉందట. అవతలి ఒడ్డున కొండలు, వాటి వెనక ఇంకా కొండలు కనిపించాయట. ఒకమ్మాయి నాకోసం చేతులతో గీసి చూపించింది. ఆ చేతులు విరిచేయాలనిపించింది.

సరే, ఆదివారం పొద్దున్నే మేమిద్దరం వెళదామని అత్తని ఒప్పించాను. మా టీచరమ్మ వాళ్లు తిరుగు బస్సు ఎక్కేలోపల కొండ దిగి వాళ్లని కలుసుకోవాలి. పొద్దున్నే బయలుదేరాం కూడా. కొండ కిందికి పోయే అయెర్ ఇతాం బస్సులో అత్త పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. అత్త ఆయన మొహం చూసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"మీరు తెలుగోళ్లా?"

అయిపోయింది. ఇంటిపేరు అడిగింది. ఊరు అడిగింది. ఏ ఓడలో వచ్చారని అడిగింది. మా వాళ్లలో ఒకే ఓడలో వచ్చినవాళ్లంటే చుట్టాలే, రక్తసంబంధం కన్నా ఒక పిసరు ఎక్కువే. ఆయన తండ్రీ మా తాతా ఒకే ఓడలో వచ్చారని తేలింది. కాకినాడ ఓడలో కలిసి వాంతులు చేసుకున్నందుకు నా కొండ పోయింది. ఆయన ఇల్లు కొండ కిందే ఉంది. ఇంటికి రాకుండా పోతే ఒట్టు అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని దింపింది.

"కాఫీ నీళ్లు తాగేసి ఎల్దుం లా, ఏటి తొందర? కొండ ఎక్కడికి పోద్ది?"

కాఫీ నీళ్లంటే కాఫీ నీళ్లు కాదు. ఆయన భార్య మమ్మల్ని చూసి కోడిని పట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడితే కొండ కనిపిస్తోంది. పొద్దున శుభ్రంగా ఉన్న కొండ నెత్తిన చిన్న మబ్బు కూర్చుంది. నేను "అత్తా" అన్నాను. చచ్చిపోయినవాళ్ల పేర్లు లోపల మాటల్లోకి ఒక్కొక్కటే వస్తున్నాయి. మళ్లీ "అత్తా" అన్నాను. "వస్తన్నాను" అంది. మబ్బు నడుం దాకా దిగింది. కోడి ఉడికింది, అన్నం వార్చారు, వడ్డించారు. వాళ్లు పెట్టింది వద్దనడం మా ఇంటావంటా లేదు. ఆ ముసలావిడ ప్రేమగా ఇంకో ముక్క వేస్తుంటే నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, ఆవిడ తప్పేమీ లేదు గనక ఇంకా ఎక్కువ వచ్చింది.

మేం కొండ రైలు దగ్గరికి చేరేసరికి వరస పెద్దగా ఉంది. ఎక్కాం. సగం దారిలో పెట్టె మారాలి, మారాం. ఆ రెండో పెట్టె కదలగానే కిటికీ అద్దం తెల్లగా అయింది. పైన దిగితే ఏముంది, మబ్బు. ఎదురుగా ఉన్న కమ్మీ కనిపిస్తోంది, దానికి అవతల ఏమీ లేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మా తోటలోనైనా నాలుగు వరసల చెట్లు కనిపిస్తాయి. ఇక్కడ అది కూడా లేదు.

అత్త చలికి కొంగు చెవుల మీదికి లాక్కుని నా పక్కన నిలబడింది.

"ఏటే, ఇదేనా?"

అప్పుడు నేను నోరు విప్పాను. పెద్దావిడని కూడా చూడకుండా అన్నీ అన్నాను. నీ పులిహోర అన్నాను, నీ ఓడ అన్నాను, నీ కోడి కూర అన్నాను. నా బతుకులో ఒక్క రోజు నాకోసం అడుక్కున్నాను, దాన్ని ముద్ద ముద్దగా తినేశావు అన్నాను. పక్కనున్న చీనా కుటుంబం మాట్లాడుకోవడం ఆపి చూసింది.

"మబ్బు నాను తెచ్చినానా?" అంది అత్త. కాని గొంతు చిన్నదైంది. తనూ కమ్మీ పట్టుకుని, "ఉందుం. తేలుద్దేమో," అంది.

ఉన్నాం. తేలలేదు. తిరుగు బస్సు అందుకోవాలి గనక దిగిపోయాం. దిగే పెట్టెలో అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి చెప్పింది.

"మీ నాన్నకి మబ్బని సెప్పకు. ఎందుకెళ్లినట్టు అని తిడతాడు. ఇంక నిన్ను గడప దాటనివ్వడు. అన్నీ సూసినామని నాను సెప్తాను లే."

అది నా మంచికే అనుకున్నాను. సెలవుల్లో ఇద్దరం తోటకి వెళ్లినప్పుడు అత్త మా నాన్న ముందు కూర్చుని చెప్పింది చూడండి. సముద్రం చెప్పింది. ఓడలు చెప్పింది, వాటి పొగ చెప్పింది. అవతలి గట్టున కొబ్బరి చెట్లు ఎలా ఊగుతున్నాయో చెప్పింది. సముద్రం అవతల సుమత్రా దీవి దాకా కనిపించిందంది. నాకే నోరూరింది. మా నాన్న చాలా సంతోషించాడు. ఆఫీసులో అందరికీ "మా అమ్మాయి పినాంగ్ కొండెక్కి సుమత్రా సూసొచ్చింది" అని చెప్పుకున్నాడు.

తరువాతి సంవత్సరం మెర్దెకా వచ్చింది. దేశానికి స్వతంత్రం, మాకు సెలవులు. మా ట్రైనింగు అమ్మాయిలు మళ్లీ పినాంగ్ బయలుదేరుతున్నారు, ఆ టీచరమ్మే తోడు. ఈసారి అత్త అక్కర్లేదు, దారిలో అప్పటంత తనిఖీలు కూడా లేవంటున్నారు. నేను తోటకి వచ్చి నాన్నని అడిగాను. నాన్న జెండా గుడ్డ ఇస్త్రీ చేయిస్తున్నాడు. మంచి హుషారులో ఉన్నాడు.

"సూసేసినావు గదమ్మా," అన్నాడు. "సుమత్రా దాకా సూసినావు. సూసిందాన్నే మళ్లీ ఏటి సూస్తావు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చూశానంటే వెళ్లక్కర్లేదు. చూడలేదంటే అత్త అబద్ధాలకోరు అవుతుంది. మెర్దెకా పండక్కి వచ్చిన అత్త ఆ పక్కనే అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతోంది. నా వైపు చూడలేదు. నేను నిజం చెప్పేశాను.

"చూడలేదు నాన్నా. కొండంతా మబ్బే. ఏమీ కనపడలేదు. అత్త నా కోసమని అలా చెప్పింది."

నాన్న ఇస్త్రీ చేసేవాణ్ణి ఆపమన్నాడు. నా వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. పగలబడి నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు.

"అంత దూరం పోయి మబ్బు సూసొచ్చినావా? ఓసి పిచ్చిదానా! మరి ఆ మబ్బు కోసం మళ్లీ ఎందుకు పోవడం?"

అంతే. అందులో వాదించడానికి ఏముంది. ఆ వారమంతా తోటలో ఉన్నాను. రేడియోలో జనం మెర్దెకా, మెర్దెకా అని అరుస్తుంటే ఆఫీసు ముందు అందరితో పాటు నిలబడి నేనూ అరిచాను. ఎదురుగా చెట్టు, దాని వెనక చెట్టు.

మా వాళ్లు పినాంగ్ వెళ్లి వచ్చారు. మబ్బు తునక కూడా లేదట.