ఇద్దరు సునీతలు, మా కోడలు

మొన్న బీపీ చూపించుకుందామని జనక్‌పురిలో మా ఇంటికి దగ్గరున్న ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నా పేరు, పుట్టినతేదీ, ఫోను నంబరు కంప్యూటర్లో కొట్టింది. నా వివరాలు కనిపించినా ఊరుకోకుండా, "అంకుల్, పితాజీ కా నామ్?" అని అడిగింది. నా వెనక నిలబడ్డాయన, అన్నీ అందులోనే ఉంటే ఈ ప్రశ్నలెందుకని హిందీలో విసుక్కున్నాడు. నేను మాత్రం ఎప్పుడో పోయిన మా నాన్నగారి పేరు ఆ హాలంతా వినిపించేలా చెప్పాను. ఆ ప్రశ్న అక్కడికి రావడానికి మా కోడలు ఎంత పోరాడిందో మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని విన్నవాణ్ణి మరి. ఆ గర్వం వల్లనేమో, బీపీ కూడా కాస్త ఎక్కువే వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఈ ఆసుపత్రివాళ్ళు మరో చిన్న ఆసుపత్రిని తమలో కలుపుకున్నారు. అక్కడి రోగుల వివరాలన్నీ ఇక్కడి కంప్యూటర్లోకి రావాలి. వచ్చే ప్రతి మనిషీ ఇక్కడ ముందే ఉన్నాడా, కొత్తవాడా అని పోల్చి చూడాలి. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కకూడదు. ఆ పని గురుగ్రామ్‌లోని మా కోడలి కంపెనీకి వచ్చింది, దాని బాధ్యత ఆమెకు పడింది. మాది కోనసీమ, ఆమెది వరంగల్. ఇంటి నుంచే పని కావడంతో బల్లంతా వైర్లు పరుచుకునేవి. మా ఆవిడకి పప్పు గిన్నె పెట్టే చోటుండేది కాదు. ఒకరోజు కోడలు, "మామయ్యా, మీ పేరు ఎన్ని తీర్ల రాస్తరు?" అని అడిగింది. పెన్షను కాగితాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, గ్యాసు బిల్లులో చివరికి పోతుంది, బ్యాంకులో పూర్తిగా ఉంటుంది. ఓటరు కార్డులో హిందీవాళ్ళు రాసిన పేరైతే నాకే కొత్త. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఇంతమందిగా బతికానని అప్పటిదాకా తెలియదు. పరీక్షకని తను ఎక్కించిన వీళ్ళందర్నీ ఒకే మామయ్యగా కంప్యూటరు గుర్తుపట్టిన రోజున ఆమె చప్పట్లు కొట్టింది.

చిక్కు సునీతాదేవి దగ్గర వచ్చింది. రెండు ఆసుపత్రుల్లోనూ అదే పేరు, అదే ఇల్లు, అదే ఫోను. పుట్టినతేదీ రెండు చోట్లా ఒకే ఏడాది జనవరి ఒకటి. అసలు తేదీ తెలియనివాళ్ళకి అలా రాసేయడం మామూలే. కంప్యూటరు ఇద్దరూ ఒకరేనంది. కానీ ఒక చోట పెన్సిలిన్ పడదని ఉంది, రెండో చోట ఆ సూదే ఇచ్చినట్టుంది. కోడలు కలపనంది. "స్కోర్ ఇత్‌నా అచ్ఛా హై, మర్జ్ కర్ దో," అన్నాడు ఆమె మేనేజరు ఫోన్లో, పోలికకి కంప్యూటరు ఇన్ని మార్కులిస్తే ఇంకేం, కలిపేయమని. ఆలస్యమైతే పని ఇంకొకరికి అప్పగిస్తానని కూడా అన్నాడు.

మా ఆవిడ భయపడింది. "ఎందుకమ్మా పంతం? చెప్పినట్టు చేసేయకూడదూ?"

"ఎట్ల జేస్తనత్తయ్యా? ఒక్కరు ఇద్దరిగ ఉంటే మళ్ళొక టెస్టు జేస్తరు, అంతే. ఇద్దర్ని ఒక్కరిని జేస్తే పానం పోతది."

మర్నాడు ఆసుపత్రిలో రికార్డులు చూసే డాక్టరమ్మను బతిమాలి, మేనేజరు కూడా వింటుండగా, ఆ నంబరుకి ఫోను చేయించింది. స్పీకరులో నాకూ వినిపించింది. ఎవరో పెద్దావిడ ఎత్తి, "కౌన్ సీ సునీతా? బడీ యా ఛోటీ?" అంది, ఏ సునీత, పెద్దదా చిన్నదా అని. ఒకే ఇంట్లో తోడికోడళ్ళు, ఒకే పేరు! ఆ సూది పడక చిన్నావిడ ఒకసారి చావు తప్పించుకుందట.  మేనేజరు, "ఠీక్ హై, మీరే చెప్పండి, ఏం చేద్దాం?" అన్నాడు.

అనుమానం ఉన్నవాళ్ళని కంప్యూటరు తనంతట తాను కలపకూడదు, తండ్రి పేరో భర్త పేరో మనిషినే అడగాలి, ఆ తర్వాత ఇంకో మనిషి చూసి ఒప్పుకోవాలి అని ఆమె నియమం పెట్టింది. ఇన్ని రకాల పేర్లున్న నన్ను మొన్న కౌంటర్లో అడిగింది అందుకే. పని ఆలస్యమైంది. అయినా డాక్టరమ్మ అండగా నిలబడింది. ఆ తర్వాత అలాంటి పని ఏది వచ్చినా ఆ మేనేజరు ముందు మా కోడల్నే అడిగేవాడు. సునీతల సంగతి తేలిన రాత్రి మా ఆవిడ ఆమెకి పూర్ణాలు చేసిపెట్టింది. నేను మర్నాడు పార్కులో తోటి పెన్షనర్లందరికీ చెప్పాను, విన్నవాళ్ళకి కూడా మళ్ళీ చెప్పాను.

నా కుర్చీని, నా సంతకాన్ని చూసుకుని మురిసిన రోజులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఇంకొకరి పని చూసి ఇంతకన్నా ఎక్కువగా మురిసే కాలం ఒకటి ముందుందని అప్పుడు ఎవరైనా చెప్పినా నేను నమ్మి ఉండేవాణ్ణి కాదు.