పెడల్ ఇరుసుకు ఎర్ర దారం

కోరుట్లలో సైకిళ్లు బాగుచేసే ఆడమనిషి కళావతి ఒక్కతే. ఆమె మగడు ఆనందం ఎనభై రెండులో దుబాయి పోతూ షాపు తాళంచెవి చేతికిచ్చి, ఎవరికైనా కిరాయికి ఇవ్వమన్నాడు. వారం తర్వాత ఆమె తాళం తీసి, తానే నట్లు విప్పే పాన పట్టుకుని కూర్చుంది. సందులో నవ్వుకున్నారు. పక్కింట్లో బీడీలు చుట్టే ముత్తమ్మ మొహం మీదే అడిగింది.

“సిగ్గు లేదానే, మొగోళ్ల సైకిళ్ల కింద పంటవా?”

“నేనెందుకు పంట? సైకిల్నే పండవెడ్త” అంది కళావతి.

పని నేర్చుకోవడం కష్టం కాలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆనందం పక్కన కూర్చుని చూసిందే. చిరాకు పుట్టించింది వానాకాలం. మల్లాపూర్ వైపు ఊళ్ల వాళ్లు కోరుట్లకు రావాలంటే వాగులో దిగాలి. సైకిల్ సగం మునిగేది. చైను తడిస్తే తుడుచుకోవచ్చు. అసలు దెబ్బ కనపడని చోట తగిలేది. రెండు పెడళ్లను కలిపే ఇరుసు ఒక ఇనుప గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టానికి రెండు కొసల్లో కప్పులు, కప్పుల్లో చర్రలు, అంటే ఉక్కు గోళీలు. ఇరుసుకూ కప్పుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. అక్కడ నీళ్లు దూరితే గ్రీజు చెడి చర్రలు తుప్పు పడతాయి. పదిహేను రోజులకు పెడల్ కిర్రుమంటుంది. నెల తిరిగేసరికి కప్పులో గుంటలు పడతాయి.

నీళ్లు దూరకుండా ఏదైనా చేయాలని ఆమె అన్నప్పుడు, బస్టాండు దగ్గరి పాత మెకానిక్ చంద్రమౌళికి నచ్చలేదు.

“చర్రలు ఖరాబైతెనే మనకు వానకాలం పని. నువ్వేంది చెల్లె, ఆటిని బచాయిస్తనంటవ్?”

“గదేం పనన్నా? మొన్న ఏసిన చర్రలే మల్ల ఏసుడు. నాకు యాష్టకొచ్చింది.”

ఆమె సిరిసిల్ల నేతకారుల బిడ్డ. సందు కనబడితే చేయి దారం కోసమే వెతుకుతుంది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే తమ్ముడు రాజనర్సుకు కబురు పెడితే, మగ్గం కింద మిగిలిన నూలు ఒక మూట కట్టి బస్సులో పంపాడు. చీర అంచులకు వాడగా మిగిలిన ఎర్ర నూలు. ఇరుసు కప్పులోంచి బయటికొచ్చే మెడ దగ్గర దాన్ని గట్టిగా చుట్టి, పైన గ్రీజు రాసి, పెడల్ బిగించింది.

పదమూడు సైకిళ్లు ఒకే వారంలో తిరిగొచ్చాయి. మగ్గం మీది నూలుకు గంజి పెట్టి ఉంటుంది. గంజి లేని నూలు నేతింట్లో ఎవరి ఊహలోకీ రాదు, ఆమెకూ రాలేదు. వాగు నీళ్లకు గంజి ఉబ్బి, పులిసి, గ్రీజుతో కలిసి చర్రల్లోకి జారింది. సైకిల్ మీద కల్లు కుండలు మోసే కొమురెల్లి సందంతా వినేలా అరిచాడు.

“అక్కా, నీ సైకిల్ల గంజి కాగుతున్నది. ఉప్పేసుకొని తాగుమంటవా?”

“ముంతుంటె పట్టురా, పోస్త” అని ఆమె సైకిల్ లాక్కుంది.

పదమూడూ విప్పి కిరోసిన్‌తో కడిగింది. మిగిలిన నూలును సోడాలో ఉడకబెట్టి, ఎండబెట్టి, ఒక రోజంతా గ్రీజులో నానబెట్టి మళ్లీ చుట్టింది. అయినా కొమురెల్లి సైకిల్లో నీళ్లు చేరాయి. ఈసారి ఆమె సీటు ఊడదీసి, ఆ గొట్టంలో చెంబెడు నీళ్లు పోసి చూసింది. నీళ్లు పైనుంచి కూడా దిగుతున్నాయి. కిందికి చేరిన నీళ్లు బయటికి పోకుండా తన దారమే ఆపుతోంది. ఇరుసు గొట్టం అడుగున సన్నని బెజ్జం వేసింది. పైనుంచి దిగినవి కిందికి కారిపోయాయి. ఆ ఏడు వానాకాలమంతా కొమురెల్లి చర్రలు మార్చలేదు. మరుసటి ఏటికి సంత రోజున కోరుట్లలో ఎటు చూసినా పెడళ్ల పక్కన ఎర్ర దారమే.

ఎనభై అయిదులో వాగు ఒడ్డున పోలీసు క్యాంపు పడింది. ఊళ్లలో రైతుకూలీ సంఘం మీటింగులు, గోడల మీద ఎర్ర రాతలు, తెల్లారితే సోదాలు. ఒక వారంలో పోలీసులు వాగు దగ్గర పదకొండు సైకిళ్లు పట్టుకున్నారు. వాటిలో తొమ్మిదింటికి ఒకే రకం దారం. అది సంఘం వాళ్ల గుర్తు అని క్యాంపు అధికారి తేల్చుకున్నాడు. సామాన్ల డబ్బాతో సహా కళావతిని పిలిపించాడు.

ఆమె వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది. సైకిళ్లు బురదలో కుప్పగా పడి ఉన్నాయి. వాటి సొంతదారులు ఒక పక్కన గొంతుక్కూర్చున్నారు. కొమురెల్లి కుడి చెంప వాచి ఉంది.

“ఈ దారాలు ఎవరెవరికి కట్టావు? పేర్లు చెప్పు” అన్నాడు అధికారి.

“కోరుట్లల సైకిల్ ఉన్నోళ్లందరి పేర్లు రాసుకోండ్రి సారు. తహసీలు జవానుకు గూడ కట్టిన.”

“ఎర్రదే ఎందుకు?”

“మా తమ్ముడు పచ్చది పంపితె పచ్చది కడ్తుంటి.”

ఒక కానిస్టేబుల్ నవ్వి, వెంటనే ఆపుకున్నాడు. ఆ కానిస్టేబుల్ సైకిల్‌నే ఆమె పండబెట్టింది. పిన్ను కొట్టి, పెడల్ తీసి, కప్పు విప్పితే ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. తర్వాత కొమురెల్లిది, దారం చుట్టను చెదరనీయకుండా పక్కకు జరిపి, విప్పింది. చర్రలు మెరుస్తున్నాయి. ఒకదాన్ని కొంగుతో తుడిచి అధికారి ముందు పెట్టింది.

అధికారి చర్రను చూశాడు, ముట్టుకోలేదు. “సరే, ఇది గుర్తు కాదు. మరి విప్పడానికి నీకేం నొప్పి? తొమ్మిదింటికీ విప్పెయ్. సైకిళ్లు వాళ్లకిచ్చేస్తాను. నీ డబ్బా నువ్వు పట్టుకుపో.”

కొమురెల్లి బతిమాలాడు. “అక్కా, ఇప్పెయ్యరాదె. ఇంటికి పోయినంక మల్ల సుట్టుకుందం.”

కళావతి పాన కింద పెట్టింది. “ఇయ్యాల నేను విప్పితె గది గుర్తేనని ఒప్పుకున్నట్టె తమ్మీ. రేపు దారం ఉన్నోన్నల్లా పట్టి కొడ్తరు. నీ ఒక్క చెంపతోని అయిపోదు.” అధికారి వైపు తిరిగింది. “విప్ప సారు. మీ చేతులున్నయి, మీరు విప్పుకోండ్రి.”

“డబ్బా, సైకిళ్లు ఇక్కడే ఉంటాయి. మళ్లీ ఆ దారం కడితే షాపు ఉండదు.”

సైకిళ్ల వాళ్లతో పాటు ఆమె వట్టి చేతులతో నడిచి వచ్చింది. ఆ సాయంత్రమే ఊళ్లో కొందరు భయపడి తమ దారాలు బ్లేడుతో కోసుకున్నారు. కొమురెల్లి భార్య దేవమ్మ షాపు ముందు నిలబడి అరగంట తిట్టింది. వాళ్ల ఇల్లు గడిచేది ఆ సైకిల్ మీదే. కళావతి లోపలికి వెళ్లింది. తన కొడుకు బడికి పోయే సైకిల్ తెచ్చి, దాన్ని వాడుకొమ్మని ఇచ్చి పంపింది.

మర్నాడు పొద్దున జగిత్యాల బస్సెక్కి కొత్త పానలు, సుత్తె, డబ్బాడు గ్రీజు తెచ్చుకుంది. చంద్రమౌళి ఎదురొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

“నాలుగు దినాలు తెల్లదారం కట్టు చెల్లె. పానం మీదికి తెచ్చుకోకు.”

“తెల్లది కడితె ఎర్రది తప్పని నేనే చెప్పినట్టు గాదా అన్నా?”

షాపు లోపల చీకటిగా ఉందని ఎప్పుడూ గుమ్మంలో కూర్చునేది. ఆ రోజు పీట తెచ్చి రోడ్డు పక్కన వేసుకుంది. ధైర్యం చేసి వచ్చిన ఒకే ఒక్క సైకిల్‌ను బోర్లించి, కప్పులు కడిగి, గ్రీజు నింపి, చర్రలు పేర్చి, ఇరుసు బిగించింది. ఎర్ర నూలు తీసింది.

క్యాంపు జీపు వచ్చి ఆమెకు రెండు గజాల దూరంలో ఆగింది. ఇంజను ఆపలేదు. ఎదుటి హోటల్లో చాయ్ తాగుతున్న వాళ్లు గ్లాసులు వదిలి లోపలికి జరిగారు. కళావతి వంచిన తల ఎత్తకుండా చుట్లన్నీ చుట్టి, ముడి వేసి, మిగిలిన కొసను పంటితో తెంపింది. అప్పుడు జీపు వైపు చూసింది.

“ఏంది సారు, గాలి కొట్టాల్నా?”