ఎడీతా చెప్పిన ఏడు అవునులు

చేపల రేవు గేటుకి ఎదురుగా నాకో కంప్యూటర్ షాపు ఉంది. ఆరు మెషీన్లు, రెండు ఫ్యాన్లు, గోడకి ఒక తెల్ల దుప్పటి. దుప్పటి ఎందుకంటే, పరాయి దేశపు యజమానితో ఇంటర్వ్యూ జరిగేటప్పుడు వెనకాల నా వంటింటి గిన్నెలు కనపడకూడదు కదా. ఫిలిప్పీన్స్‌లోని మా జెన్సాన్‌లో ఎంతమందో ఆ దుప్పటి ముందు కూర్చునే దుబాయ్‌కో తైవాన్‌కో వెళ్లారు. ఎవరికి ఉద్యోగం వస్తుందో, ఎవరు వట్టి చేతులతో లేచి వెళ్తారో ముఖం చూసి చెప్పేస్తానని నాకో గర్వం ఉండేది. ఎడీతా విషయంలో ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

ఎడీతా మాగ్లసాంగ్ రేవు షెడ్డులో ట్యూనా చేపలు కోస్తుంది. నాకన్నా ఆరేళ్లు చిన్నది, నన్ను ఆతే అని, అంటే అక్కా అని పిలుస్తుంది. అరవై కిలోల చేపని బల్ల మీద పడేస్తే ఆరు నిమిషాల్లో నాలుగు పలకలు చేసి పెడుతుంది. ఆ తర్వాత ముల్లు మీద పిల్లి నాకడానికి కూడా ఏమీ మిగలదు. కొనేవాళ్లు ఇది ఎడీతా కోసిందేనా అని అడిగి మరీ తీసుకుంటారు. కూలి మాత్రం నిన్న కత్తి పట్టినవాడికీ ఆమెకీ ఒకటే. ఇరవై రెండేళ్లుగా అదే వరస.

"నా చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు ఆతే," అనేది. "తెలిసినవాడి దగ్గర పని చెయ్యాలని ఉంది. ఒక్కసారైనా."

న్యూజిలాండ్‌లో ఒక చిన్న రేవులో డఫీ అనే ఆయనకి చేపల ఫ్యాక్టరీ ఉందని, కోసేవాళ్లు నలుగురు కావాలని ఏజెన్సీ చెప్పింది. అక్కడి యజమాని 'ఈ మనిషి నాకు కావాలి' అని పేరు పెట్టి రాసిస్తేనే వీసా కాగితాలు కదులుతాయి. రాయకపోతే నువ్వెంత పనిమంతురాలివైనా విమానం మెట్టెక్కలేవు. పైగా నవంబరులో ఎడీతాకి నలభై అయిదు నిండుతాయి. ఆ వయసు దాటినవాళ్ల పేర్లు మా ఏజెన్సీ పంపనే పంపదు. అప్పటికే ఇద్దరు యజమానులు ఆమెని ఇంటర్వ్యూ చేసి వద్దన్నారు. ఇక మిగిలింది డఫీ ఒక్కడే.

జులైలో ఒక మంగళవారం పొద్దున పది గంటలకి ఎడీతా దుప్పటి ముందు కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వుకుంది, నా మంచి జాకెట్ వేసుకుంది. నేను పక్కనే మోడెం కాపలా కాస్తూ కూర్చున్నాను. డఫీ ఎర్రటి ముఖం మనిషి, మంచివాడిలాగే ఉన్నాడు. ఆమె గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆయన ఏడు ప్రశ్నలు అడిగాడు. పెద్ద చేపలు కోశారా, రాత్రి షిఫ్టు చేశారా, కత్తి మీరే నూరుకుంటారా, గంటల తరబడి నిలబడగలరా, ఇలాంటివి. ఎడీతా ఏడింటికీ అవునంది, ఎక్కడా తడబడలేదు. "నీకు వచ్చేసినట్టే, పద, పండేసాల్ తిందాం," అని రొట్టెలు నేనే తెప్పించాను.

శుక్రవారం ఏజెన్సీ పిల్ల జోవెలిన్ ఫోన్ చేసింది. డఫీ వద్దన్నాడట. ఏం రాశాడో చదివి వినిపించింది. "కాగితాల్లో అనుభవం బాగుంది. కానీ అడిగినదానికి జవాబివ్వదు. ప్రశ్న అడిగినప్పుడల్లా ఇదేం ప్రశ్న అన్నట్టు ఆశ్చర్యంగా చూస్తుంది. ఈ ఉద్యోగం మీద ఆమెకి ఇష్టం లేనట్టుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జవాబివ్వకపోవడమేంటి? నేను పక్కనే ఉన్నాను. ఏడుకి ఏడూ చెప్పింది."

"నేనూ చూశాను ఆతే ఫెలీ, నాకూ చెప్పినట్టే ఉంది. రికార్డు పంపుతాను, మీరే చూసుకోండి," అంది జోవెలిన్.

ఎడీతా, నేను తలలు ఆనించుకుని రికార్డు రెండుసార్లు చూశాం.

"మూడోదానికి చెప్పాను కదా ఆతే?"

"చెప్పావు."

"అయిదోదానికి?"

"శుభ్రంగా చెప్పావు. ఆయనకే చెవుడు ఉండుంటుంది."

నాలుగో మెషీన్ దగ్గర కుయా తాస్యో, అంటే తాస్యో అన్న, పేకాడుతున్నాడు. ముప్పై ఏళ్లు ఓడల్లో వంట చేసి వచ్చిన మనిషి, ఇప్పుడు రోజంతా నా షాపులోనే మకాం. మా భుజాల మీదుగా ఒక్కసారి తొంగి చూసి, కుర్చీ కిర్రుమనేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"మేం ఏడుస్తుంటే మీకు నవ్వొస్తోందా కుయా?" అన్నాను.

"ఆయన చెవిటివాడు కాదమ్మా, మీరే గుడ్డివాళ్లు. ఏదీ, సౌండు తీసేసి చూడండి."

తీసేసి చూశాం. ఎడీతా అవునంటూనే ఉంది. సౌండు పెట్టి చూశాం. అప్పుడూ అంతే. గుడ్ మార్నింగ్ తప్ప ఆమె నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఏడు ప్రశ్నలకీ ఏడుసార్లు కనుబొమ్మలు పైకెత్తింది. నాకు ముఖాన చన్నీళ్లు కొట్టినట్టయింది.

మరి మేం అవునని అలాగే కదా చెప్తాం. తిన్నావా అంటే కనుబొమ్మలెత్తుతాం. చేప తాజాదేనా అంటే ఎత్తుతాం. పెళ్లిలో పాదిరీగారు ఇతను నీకు ఇష్టమేనా అని అడిగితే నేనూ కనుబొమ్మలే ఎత్తాను. ఆయన సరేనని తరవాతి ప్రార్థనకి వెళ్లిపోయారు. అది జవాబు కాదని ఎవరైనా అంటారని కలలో కూడా అనుకోలేదు.

"నా మొదటి ఓడలో కెప్టెన్ అన్నం ఉడికిందా అని మూడుసార్లు అడిగాడు," అన్నాడు కుయా తాస్యో. "నేను మూడుసార్లూ ఉడికిందనే ఎత్తాను. పొగరుబోతు అనుకుని నన్ను వారం రోజులు గిన్నెలు తోమే పనిలో పెట్టాడు. వాళ్లకి కనుబొమ్మల భాష రాదు దాయ్, రాదమ్మా."

"అయితే ముందు వద్దన్న ఆ ఇద్దరూ కూడా..." అంది ఎడీతా. రికార్డు మళ్లీ మొదటికి తిప్పింది. ఏడుస్తుందేమోనని నేను రుమాలు కోసం చూస్తున్నాను.

"పని రాదని కాదు కదా ఆయన అన్నది?"

"కాదు."

"అయితే ఉత్తరం రాయి ఆతే. నేను చెప్తా."

నేను 'అయ్యా, దయచేసి మన్నించండి' అని మొదలుపెట్టాను. "అది కొట్టెయ్," అంది. "నేనేం తప్పు చేశానని మన్నించాలి?" ఆమె చెప్పినట్టే టైపు చేశాను. 'డఫీగారూ, మీరు ఏడు ప్రశ్నలు అడిగారు. నేను ఏడింటికీ అవునన్నాను. మా ఊళ్లో అవునని కనుబొమ్మలతో చెప్తాం. రికార్డు మళ్లీ చూసి లెక్కపెట్టుకోండి. దీనితో పాటు నేను చేప కోసే వీడియో పంపుతున్నాను. అందులో నా చేతులు మాత్రమే చూడండి.'

ఇంత పొగరుగా రాస్తే ఎవడు పిలుస్తాడే అన్నాను. పనివాడికి ఆ మాత్రం ఉండాలి అంది. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే షెడ్డుకి వెళ్లి చేపలు కోసుకుంది. నాలుగో రోజు జోవెలిన్ ఫోను. డఫీ గురువారం మళ్లీ మాట్లాడతాడట.

బుధవారమంతా కుయా తాస్యో డఫీ వేషం వేసి ప్రశ్నలడిగాడు. "చలికి తట్టుకోగలరా?" కనుబొమ్మలు. "నోరు, దాయ్, నోరు," అని బల్ల మీద కొట్టేవాడు. నోరు తెరిచేలోగా కనుబొమ్మలు ముందే లేచి కూర్చునేవి. నలభై నాలుగేళ్ల అలవాటు ఒక పూటలో పోతుందా? చివరికి విసిగిపోయి, షెడ్డులో తలకి కట్టుకునే గుడ్డ తెచ్చి కళ్ల దాకా లాగి కట్టుకుంది. అవి ఎంత ఎగిరినా గుడ్డ కిందే ఎగురుతాయి. గురువారం ఆ అవతారంలోనే దుప్పటి ముందు కూర్చుంది. బందిపోటులా ఉన్నావన్నా వినలేదు.

డఫీ తెర మీదికి రాగానే ఆమె తలగుడ్డ వైపు కాసేపు చూశాడు.

"మీ ఉత్తరం చదివి రికార్డు మళ్లీ చూశాను. లెక్కపెడితే ఏడు వచ్చాయి," అన్నాడు.

"ఆరోది కొంచెం చిన్నగా ఎత్తాను సార్. అది చలి గురించి," అంది ఎడీతా.

ఆయన పగలబడి నవ్వాడు. చలి సంగతి తను చూసుకుంటానన్నాడు, చలికోట్లు ఫ్యాక్టరీవాళ్లే ఇస్తారట. ఆ తర్వాత నవ్వు ఆపి అసలు ప్రశ్న అడిగాడు.

"మా సూపర్‌వైజరుకి ఇరవై ఆరేళ్లు. ఎలా కొయ్యాలో అతను చెప్తే వింటారా?"

వింటానని చెప్పి గట్టెక్కవే తల్లీ అని మనసులో దండం పెట్టుకున్నాను.

"మొదటి వారం వింటాను సార్," అంది. "రెండో వారం నుంచి ఆయనే నా చేతులు చూస్తారు."

డఫీ కలం తీసి ఏదో రాసుకున్నాడు.

"మీ ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పండి," అన్నాడు. "వీసా కాగితాల్లో తప్పు పడకూడదు."

ఎడీతా ఒక్కొక్క అక్షరమే నోటితో, గట్టిగా, బడిలో ఒప్పజెప్పినట్టు చెప్పింది. కళ్లు తుడుచుకున్నది నేను. ఆమె గుడ్డ విప్పి నా మీదికి విసిరి, "ఇప్పుడు రొట్టెలు తెప్పించు ఆతే," అంది.

పుట్టినరోజుకి పన్నెండు రోజుల ముందు ఆమె విమానం ఎక్కింది. కత్తిని తువ్వాల్లో చుట్టి పెద్ద పెట్టెలో అడుగున పెట్టుకుంది. తరవాత చాన్నాళ్లు ఫోను లేదు. మరిచిపోయిందిలే, వెళ్లినవాళ్లంతా అంతే అని నేను తిట్టుకుంటూ ఉండగా, ఒక ఆదివారం పొద్దున తెర మీద ప్రత్యక్షమైంది. రెండు స్వెట్టర్లు, ముక్కు ఎర్రగా.

"బాగున్నావా?"

"అవును ఆతే."

"మాట ప్రకారం గది ఇచ్చారా?"

"అవును, ఇచ్చారు."

"తిండి సరిపోతోందా?"

"అవును ఆతే, సరిపోతోంది."

నాకు ఒళ్లు మండింది. అన్నిటికీ నోటితోనే. నుదురు ఇస్త్రీ చేసిన బట్టలా కదలకుండా ఉంది. మా ఎడీతాని పంపిస్తే వాళ్లు ఇంకెవరినో కూర్చోబెట్టినట్టుంది.

"నేనేం డఫీని కాదు, ఇంటర్వ్యూ చెయ్యడం లేదు," అన్నాను. "సరే, ఒక్కటి చెప్పు. అక్కడ కూడా నీ చెయ్యే మొదటి చెయ్యా?"

వెనకాల ఎవరో కుర్రవాడు ఆమె కత్తి పట్టుకుని, ఎలా నూరాలో అడుగుతూ నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి అతన్ని చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది. నోరు తెరవలేదు. రెండు కనుబొమ్మలూ జుట్టు దాకా ఎత్తింది.